అన్నయ్యగారు చూపించిన కాకి

అన్నయ్యగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పోయారట. ఒక బూటు కాలికి ఉంది. రెండోది ఒళ్ళో ఉంది. వాళ్ళమ్మాయి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. కోడలు ఆ మాటలు ఒక్కొక్కటే తెలుగులో నాకు చెబుతుంటే ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది.

మంచి మనిషి పోయాడంటే హమ్మయ్య అనుకోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆయన కోరిక నాకు తెలుసు, అందుకని. పోయినేడు గుండెలో ఏదో తేడా చేసి ఆయన కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు. మేం చూడ్డానికి వెళితే, డాక్టరైన మా కోడలి చెయ్యి పట్టుకుని, "ఇక్కణ్ణించి చూస్తే కార్లు తప్ప ఏం కనబడవమ్మా. పోయేటప్పుడు నన్ను నా కిటికీ దగ్గర ఉండనివ్వండి," అన్నారు. ఆయన కిటికీ దగ్గరే పోయారు. అడవికి వెళ్దామని బూట్లు తొడుక్కుంటూ పోయారు. ఒకరి చేత చేయించుకోలేదు, మంచం పట్టలేదు. కోరుకున్నట్టు పోవడం ఎంతమందికి దొరుకుతుంది.

నేను రాసే మనిషిని కాదు. అయిదో తరగతితో బడి మానేశాను. "మీరు నాతో చెప్పినట్టే రాయండి అత్తయ్యా, మనవాళ్ళ పత్రికలో వేస్తారు," అని కోడలు కాగితాలు తెచ్చి పెట్టింది. ఆయన గురించి తెలుగులో రాయగలిగింది నేనొక్కదాన్నే కదా అని కూర్చున్నాను.

అన్నయ్యగారంటే నా తోడబుట్టినవారు కారు. ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో, మా కోడలి ఇంటి వెనక వీధిలో ఉండే ఐరిష్ పెద్దాయన. వయసులో ఉన్నంతకాలం స్లీవ్ బ్లూమ్ కొండల మీద అడవిలో చెట్లు నాటే పని, నరికే పని చేశారు. రిటైరయ్యాక చలికాలం శనివారాల్లో, పిట్టల్ని చూడాలని వచ్చేవాళ్ళని అదే అడవిలోకి తీసుకెళ్ళి చూపించేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తారు. మా మనవరాలు కూడా పేరే పెట్టి పిలిచేది. నాకు మాత్రం అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. ఒకరోజు నోట్లోంచి అన్నయ్యగారూ అని వచ్చేసింది. ఆ మాటకి అర్థం ఏమిటని కోడల్ని అడిగారు. చెప్పింది. "నాకు అయిదుగురు చెల్లెళ్ళు. ఇంకొకరు పెరిగితే మా అమ్మకి కూడా తెలిసేది కాదులే," అన్నారు. ఆ రోజు నుంచీ నేను అన్నయ్యగారూ అంటే పలికేవారు. ఆయన నన్ను మిస్సిస్ అనేవారు.

నేను ఏటా చలికాలం మూడు నెలలు ఇక్కడికి వస్తాను. కోడలికి ఆసుపత్రిలో అప్పుడే పని ఎక్కువ, పాప దగ్గర మనిషి ఉండాలి. అన్నయ్యగారు దానికి నవ్వేవారు. రెడ్‌వింగ్ అని ఒక పిట్ట ఉంది, రెక్క కింద ఎర్రగా ఉంటుంది. నార్వే వైపు నుంచి చలికి ఇక్కడికొచ్చి, ఎండలు ముదరగానే పోతుంది. "మిస్సిస్ కూడా అంతే, చలికి వస్తుంది, వసంతం రాగానే ఎగిరిపోతుంది. ఐర్లండ్‌లో ఎండ ఉంటుందని ఎవరూ ఆవిడకి చెప్పినట్టు లేదు," అని అందరితో అనేవారు.

ఆయన్ని మొదట చూసింది మా అబ్బాయి పోయిన మరుసటి ఏడాది. అప్పుడు నేను పొద్దున్నే లేచి ముందు చిన్న గిన్నెడు అన్నం వండేదాన్ని. చల్లారాక ముద్దలు చేసి పెరటి గోడ మీద వరసగా పెట్టేదాన్ని. నల్లటి పిట్టలు గుంపుగా వచ్చి తినిపోయేవి. అవి తిన్నంతసేపూ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. పాప స్కూలుకి, కోడలు ఆసుపత్రికి వెళ్ళిపోయాక మళ్ళీ అక్కడే నిలబడేదాన్ని. నాకు వేరే పని ఉండేది కాదు.

ఒక ఆదివారం తలుపు కొట్టిన చప్పుడైంది. కోడలు కిటికీలోంచి చూసి, "వెనక వీధి ఆయన అత్తయ్యా. అన్నానికి ఎలకలొస్తున్నాయని కంప్లైంట్ చేయడానికేమో," అని భయపడుతూ వెళ్ళింది. ఆయన ఉన్ని టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "ఈ ఏడు నా పిట్టలన్నీ నన్నొదిలేసి మీ ఇంటికొచ్చేశాయి. అంత మంచి వంట ఏం చేస్తున్నారో చూసి పోదామని," అన్నారు.

కోడలు గట్టిగా నవ్వింది. దాని నవ్వు విని నేను వంటింట్లోంచి వచ్చి చూశాను. అన్నాళ్ళ తర్వాత ఆ ఇంట్లో అది మొదటి నవ్వు.

ఆయన కోటు జేబులోంచి కొవ్వులో గింజలు కలిపి చేసిన ఉండ తీసి బల్ల మీద పెట్టారు. ఈ చలికి పిట్టలకి అన్నం ఒక్కటే చాలదని, కొవ్వు ఉంటే ఒంట్లో వేడి నిలుస్తుందని చెప్పారు. నాకా ఉండ ముట్టుకోబుద్ధి కాలేదు. "నెయ్యి కలిపితే సరిపోతుందా అడుగు," అన్నాను. కోడలు అడిగింది. ఆయన నెయ్యి సీసా మూత తీయించి వాసన చూసి, "అయితే నా పిట్టలు ఇక నా దగ్గరికి రావు," అన్నారు.

నేను ఎందుకు పెడుతున్నానని మాత్రం అడగలేదు. మీకు చెబుతాను.

నాకు ఒక్కడే కొడుకు. వాడి చిన్నప్పుడే మా ఆయన పోతే తాడేపల్లిగూడెం బస్టాండు ఎదురుగా టిఫిన్ కొట్టు పెట్టి వాణ్ణి చదివించాను. మొదటి వాయి ఇడ్లీ దించేసరికి ఎక్కడున్నా వచ్చేసేవాడు. "బోణీ కాలేదురా, దేవుడికి చూపించలేదురా," అంటున్నా వినేవాడు కాదు. కాలే ఇడ్లీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ, ఊదుకుంటూ పారిపోయేవాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం వచ్చి, ఐర్లండ్ వచ్చి, పెళ్ళయి, పాప పుట్టాక కూడా, నేను గారెలు వేస్తుంటే మూకుడు పక్కనే నిలబడేవాడు. "కాగిన నూనెరా," అంటే, "నోరు కాలితే గానీ నాకు రుచించదమ్మా," అనేవాడు. వాడికి ఆగడం పుట్టుకతోనే రాలేదు.

నలభై నిండకుండానే ఒక రాత్రి నిద్రలో పోయాడు. గుండె అన్నారు. నేను వచ్చి పడేసరికి అంతా అయిపోయింది. పదో రోజు కార్యానికి డబ్లిన్ పక్కన సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. నేవన్‌లో ఉండే మా మరిది కొడుకు కర్మ చేశాడు. ఆసియా కొట్లో దొరికిన అరటాకు ముక్క రాతి మీద పరిచి దాని మీద పిండం పెట్టాడు. వాడు చెయ్యి వెనక్కి తీసుకోకముందే గోడ మీంచి ఒక పిట్ట దూకింది. తల నలుపు, రెక్కలు నలుపు, ఒళ్ళంతా బూడిద రంగు. వచ్చీ రావడమే పిండంలో ఒక ముద్ద ముక్కున కరుచుకుంది.

మేమంతా హుష్ హుష్ అని అరిచాం. మరిది కొడుకు గొడుగు విప్పి తరిమాడు. మన కాకికి మెడ దగ్గర కాస్త బూడిద ఉంటుంది గానీ, ఇలా చొక్కా తొడుక్కున్నట్టు ఉండదు కదా. సముద్రం మీద తిరిగే గద్దో ఏదో అనుకున్నాం. పంతులుగారు, "వేరే పక్షి ముట్టింది, ఎంగిలైంది, ఇంకోటి పెట్టండి," అన్నారు. ఇంకో పిండం పెట్టారు.

ఆ రెండో పిండాన్ని ఏ కాకీ ముట్టలేదు. గాలి కోసేస్తోంది. సముద్రపు పక్షులు వస్తే మావాళ్ళు గొడుగులతో అదిలిస్తున్నారు. మన ఆచారం మీకు తెలిసిందే. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిందని, అదేదో కనుక్కుని మాటిస్తే అప్పుడు ముడుతుందని అంటారు. ఒక్కొక్కరే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. మరిది కొడుకు, "అన్నా, పాప చదువు నాది," అన్నాడు. నేను, "నీ పెళ్ళాన్ని నా కడుపున పుట్టిన పిల్లలా చూసుకుంటానురా," అన్నాను. "ఇంటి లోను కడతాం," అన్నారు ఎవరో. వాడికి ఇష్టమైన కూరల దగ్గర్నుంచి అన్నీ చెప్పాం. కాకి రాలేదు. మా వెనక ఎవరో, "ఏ కోరిక మిగిలిందో, ఆ ఇంట్లో సంగతులు మనకేం తెలుసు," అన్నారు. గాలి మావైపు వీస్తోంది. కోడలు పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆ మాట దాని చెవిన పడిందని నాకు అర్థమైంది.

చివరికి పంతులుగారు దర్భలతో కాకిని చేసి పిండానికి తాకించి నీళ్ళలో కలిపించారు. శాస్త్రం ఒప్పుకుందట. గడ్డి కాకి ముడితే తల్లి మనసు ఒప్పుకుంటుందా?

ఆ తర్వాత పోర్ట్‌లీష్ వచ్చి చూస్తే ఏ కొమ్మ మీద చూసినా నల్ల పిట్టలే. ఇన్ని కాకులున్న దేశంలో నా కొడుక్కి ఒక్కటి రాలేదే అని కుమిలిపోయేదాన్ని. ఏం కోరుకున్నాడు, ఏం మిగిలిపోయింది అని అదే ఆలోచన. రోజూ పెడితే ఏనాటికైనా తృప్తి పడతాడేమోనని ఆ అన్నం ముద్దలు. నేనూ కోడలూ ఒకే ఇంట్లో ఉంటూ ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నన్ను అడవికి పంపించింది కోడలే. "కిటికీ దగ్గర నిలబడి కాళ్ళు వాస్తున్నాయి అత్తయ్యా, ఆ నిలబడేదేదో అడవిలో నిలబడండి," అంది. పాప నాతో వచ్చేది, కోడలికి సెలవున్న శనివారాల్లో తనూ వచ్చేది.

మొదటిసారి చీర మీద మా అబ్బాయి పెద్ద కోటు తొడుక్కుని, కాళ్ళకి కోడలి రబ్బరు బూట్లు వేసుకుని వెళ్ళాను. అడవంతా స్ప్రూస్ చెట్లు, సూదుల్లాంటి ఆకులు. నాలుగు అడుగులు వేశామో లేదో అన్నయ్యగారు ఆగి చెవి పెట్టి విన్నారు. నా గాజుల చప్పుడు. జేబురుమాలు తీసి నా చేతికిచ్చారు. గాజులు పైకి లాగి దాంతో కట్టుకున్నాను. ఆ రుమాలు తిరిగి తీసుకోలేదు. "అది మిస్సిస్ అడవి రుమాలు," అన్నారు.

ఆయన నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఒక్కోసారి విసుక్కునేవారు, ఇంకా ఏం కనబడలేదని. అప్పుడు ఆయన, "కనబడకపోతే లేదని కాదు. మనం చూసే చోట లేదు, అంతే," అనేవారు. చలికి ఎవరైనా కాళ్ళు నేలకేసి కొడితే, "కాసేపు మీరు చెట్టు అనుకోండి. చెట్టుకి చలెయ్యదు," అనేవారు. ఫ్లాస్కులో టీ అందరికీ పోశాక మిగిలితే తాను తాగేవారు. వెన్న రాసిన గోధుమ రొట్టె కాగితంలో చుట్టి తెచ్చేవారు. కూర్చోవడానికి ఎరువుల బస్తా మడత ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది.

నాకు ఇంగ్లీషు పేర్లు నోరు తిరిగేవి కావు. నా పేర్లు నేను పెట్టుకున్నాను. నడినెత్తిన పసుపు గీత ఉండే బొటనవేలంత పిట్ట పసుపుబొట్టు. ముక్కు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, స్ప్రూస్ కాయల్ని చీల్చుకు తినేది కత్తెరముక్కు. మంచు పడే రోజుల్లోనే గూడు కట్టి పిల్లల్ని చేస్తుందట అది. కోడలు వాటి అర్థాలు చెబితే అన్నయ్యగారికి తెగ నచ్చాయి. తర్వాత్తర్వాత బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, "మిస్సిస్, కట్టెరముకు," అని చూపించేవారు. పాప పడీ పడీ నవ్వేది. "నాయనమ్మా, హిస్ తెలుగు ఈజ్ బెటర్ దాన్ మైన్," అనేది. నిజమే అనుకునేదాన్ని.

ఒక అలవాటు చెప్పాలి. ఇక్కడ మాగ్‌పై అని నలుపూ తెలుపూ కలిసిన పొడుగుతోక పిట్ట ఉంది. అది ఒంటరిగా ఎదురైతే కీడట, జంటగా కనబడితే మంచిదట. ఒంటరిది కనబడితే చాలు అన్నయ్యగారు ఠక్కున టోపీ తీసి దానికి దణ్ణం పెట్టినట్టు పెట్టేవారు, ఎంత చలైనా సరే. "మీరు నమ్ముతారా?" అని కోడలు అడిగితే, "నేను నమ్మను. కానీ అది నమ్ముతుందేమో, దాన్ని ఎందుకు నొప్పించాలి," అన్నారు. పిల్లి ఎదురైతే ఆగి మంచినీళ్ళు తాగి బయల్దేరే మనిషిని నేను. ఈయన మా వాడే అనిపించింది.

పోయిన చలికాలం ఒక శనివారం కొండ మీద మంచు బాగా పడింది. మిగతావాళ్ళెవరూ రాలేదు. పాప స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళింది. నేనూ, కోడలూ, అన్నయ్యగారూ, అంతే. స్ప్రూస్ కొమ్మలన్నీ బరువుకి వంగిపోయి, అడవంతా దూది పరిచినట్టుంది. మా బూట్ల కింద మంచు కరకరమంటోంది తప్ప వేరే చప్పుడు లేదు. పసుపుబొట్టు ఒకటి మా తలల మీదే తిరిగింది. అది ఎగిరినప్పుడల్లా కొమ్మ మీంచి పొడి రాలుతోంది.

అడవి అంచున గొర్రెల బీడు, దానికి కర్ర కంచె. కంచె గుంజ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. తల నలుపు, రెక్కలు నలుపు, ఒళ్ళంతా బూడిద.

"అదే," అన్నాను.

"ఏది అత్తయ్యా?"

"ఆ రోజు సముద్రం దగ్గర పిండం ఎంగిలి చేసిన పిట్ట."

కోడలు చూసింది. దానికీ గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. అదేమిటని అన్నయ్యగార్ని అడిగింది. ఆయన బైనాక్యులర్స్ కూడా ఎత్తలేదు. "అదా? అది కాకి," అన్నారు.

కోడలు ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పకపోయినా క్రో అన్న మాట నాకు అర్థమైంది. కానీ నమ్మలేదు.

"కాకి నల్లగా ఉంటుంది కదా," అన్నాను. "మన గోడ మీదకి వచ్చేవి కాకులు కదా. అడుగు."

అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పారు. మా గోడ మీదకి వచ్చే నల్లవి కాకి దాయాదులట, వాటి పేర్లు వేరట. "ఇంగ్లండు కాకి నిలువెల్లా నలుపు. మా కాకి బూడిద కోటు తొడుక్కుంటుంది. ఈ దేశంలో కాకి అంటే ఇదే," అన్నారు.

అప్పుడది మెడ సాచి అరిచింది. ఒకటి, రెండు, మూడు. మా కొట్టు రేకుల మీద కూర్చుని, చుట్టాలొస్తారని అరిచే కాకి గొంతే. ఆ రోజు సముద్రం హోరులో అది నోరు తెరిచిందో లేదో, మేం దాన్ని అరవనివ్వలేదు.

మంచులో చతికిలబడ్డాను. అన్నయ్యగారు ఎరువుల బస్తా మడత విప్పి నన్ను లేపి దాని మీద కూర్చోబెట్టారు. ఫ్లాస్కు తీసి టీ పోశారు. కోడలు చెప్పడం మొదలుపెట్టింది. పదో రోజు, పిండం, గొడుగు, గడ్డి కాకి, అన్నీ. అది చెబుతున్నంతసేపూ ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకునే ఉన్నారు. తల మీద మంచు పడుతోంది.

అంతా విని ఒక్క మాట అడిగారు. "మొదటిసారి పెట్టినప్పుడు ఎంతసేపటికి వచ్చింది?"

"పెట్టిన చెయ్యి తియ్యకముందే," అంది కోడలు.

ఆయన కాసేపు కంచె వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, నాకు అర్థం కావాలని మెల్లగా, ఒక్కొక్క మాటే అన్నారు. కోడలు వెనకే తెలుగులో చెప్పింది. "అయితే మీవాడు తిన్నాడు, మిస్సిస్. అందరికంటే ముందే తిన్నాడు. రెండోసారి ఎందుకు వస్తాడు? కడుపు నిండింది."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. మొదటి వాయి ఇడ్లీ పట్టుకుని పారిపోయే వెధవ. బోణీ కాలేదురా అంటే విన్నాడా ఎప్పుడైనా. పిండం దగ్గర మాత్రం ఆగుతాడా? తిని వెళ్ళిపోయినవాణ్ణి పట్టుకుని, నీకేం కావాలిరా, నీకేం కావాలిరా అని అంతసేపు ఆ చలిలో నిలబడి అడిగాం. ఇవన్నీ కోడలికి చెబుతూ నవ్వుతున్నాను. అది నవ్వలేదు. నా భుజం మీద తల పెట్టింది.

"అత్తయ్యా, తను ముట్టలేదంటే నా వల్లే అనుకున్నాను. నాతో ఏదో సరిగ్గా లేదని మీరూ అనుకుంటున్నారేమో అని, అడగడానికి భయమేసి..."

"నీ మొహం. వాడికేం లోటు చేశావే నువ్వు. నువ్వొచ్చాకే వాడికి రెండు పూటలా కడుపు నిండింది," అన్నాను.

అలా ఆ బస్తా మడత మీద ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. అన్నయ్యగారు కాస్త అవతలికి వెళ్ళి, చెట్ల వైపు తిరిగి, లేని పిట్టని బైనాక్యులర్స్‌లో చూస్తూ నిలబడ్డారు.

ఆయన నమ్మి అన్నారో, తల్లి మనసు చూసి అన్నారో నేను అడగలేదు. ఒంటరి పిట్టకి టోపీ తీసే మనిషిని అలాంటివి అడగకూడదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టింది. పొద్దున కోడలు టీ తెచ్చి లేపేదాకా తెలీదు. ఆ తర్వాత కూడా గోడ మీద అన్నం పెడుతూనే ఉన్నాను, నెయ్యి కలిపి. ఇప్పుడది పిట్టల కోసం. అవి తినేటప్పుడు కిటికీ దగ్గర నిలబడను, నా పని నేను చేసుకుంటాను.

బుధవారం సాయంత్రం ఆయన్ని చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాం. ఇక్కడ పోయినవాళ్ళని ఇంట్లోనే ఉంచుతారు, ఊరంతా వచ్చి చూసి, ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పి, టీ తాగి వెళతారు. ఆయన్ని ఆ కిటికీ గదిలోనే పడుకోబెట్టారు. శుభ్రంగా గడ్డం చేసి, కోటు వేశారు. ఆ మొహంలో ఏ తొందరా లేదు. నాకు ఇంగ్లీషులో చెప్పాల్సిన మాట రాలేదు, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. గోడ పక్క సోఫాలో ఆయన చెల్లెళ్ళు కూర్చుని ఉన్నారు, అయిదుగురిలో మిగిలిన తెల్లజుట్టు ముసలమ్మలు ముగ్గురు. ఆయన కూతురు వాళ్ళ చెవిలో ఏదో చెప్పింది. ఒకావిడ నన్ను తేరిపార చూసి, "ఆ, ఆరో ఆవిడా," అందట. ముగ్గురూ ఒకరి మీద ఒకరు జరిగి నాకు చోటిచ్చారు. నేను మధ్యలో కూర్చున్నాను. మాటల్లేవు మాకు. ఒకావిడ నా చేతి గాజులు కాసేపు తిప్పి చూసింది. ఇంకొకావిడ శాండ్‌విచ్ పళ్ళెం నా ఒళ్ళో పెట్టింది. ఆయన అన్న మాట నిజమే, ఒకరు పెరిగినా ఆ ఇంట్లో తేడా ఏం తెలియలేదు.

శుక్రవారం మట్టి చేశారు. నిన్న శనివారం. రాత్రి కొండ మీద మంచు పడిందని కోడలు ఫోనులో చూసి చెప్పింది. పొద్దున్నే లేచి ఇడ్లీ వేశాను. మొదటి వాయి దించి, దేవుడికి చూపించకుండా, ఎవరినీ ముట్టనివ్వకుండా, ఒక ఇడ్లీ తీసి హాట్‌బాక్సులో పెట్టాను. పాప అడిగింది, అది ఎవరికని. అన్నయ్యగారికి అన్నాను. సరే అని తను రెండో వాయి దాకా ఆగింది. నాన్నలా కాదు ఇది, ఆగుతుంది.

ముగ్గురం అడవి అంచుకి వెళ్ళాం. గాజులు పైకి లాగి ఆయన రుమాలుతో కట్టుకున్నాను. గుంజ మీద మంచు టోపీ పెట్టినట్టుంది. దాని మీద ఇడ్లీ పెట్టి, వెనక్కి వచ్చి చెట్లలో నిలబడ్డాం. ఇడ్లీ మీంచి ఇంకా సన్నగా ఆవిరి వస్తోంది. మా ముగ్గురి ముక్కుల్లోంచీ అదే ఆవిరి.

కాకి వెంటనే రాలేదు. ముందు దూరంగా ఒక కొమ్మ మీద వాలింది. చాలాసేపు చూసింది. ఇంకో కొమ్మకి వచ్చింది. కంచె మీదకి వచ్చి, అటు నడిచి, ఇటు నడిచింది. నాకు కంగారు కలగలేదు. అన్నయ్యగారు ఎప్పుడు తొందరపడ్డారు గనక. ముందు అందరికీ టీ పోయాలి కదా ఆయన. పాప చెట్టులా నిలబడి ఉంది, ఆయన నేర్పినట్టే. కోడలి చెయ్యి నా చేతిలో ఉంది.

చివరికి గుంజ మీదకి వచ్చింది. తల ఒకసారి పక్కకి వాల్చి చూసి, ఇడ్లీని ముక్కున కరుచుకుంది. మేం ఎవరమూ హుష్ అనలేదు. బూడిద కోటు తొడుక్కుని, తెల్లటి ఇడ్లీ పట్టుకుని, అది తీరిగ్గా స్ప్రూస్ చెట్ల మీంచి కొండ వైపు వెళ్ళిపోయింది. గుంజ మీద, ఇడ్లీ వేడికి మంచు కరిగిన చోట, ఇడ్లీ అంత గుండ్రంగా తడి చెక్క కనబడుతోంది. మళ్ళీ మంచు మొదలైంది. చుట్టూ అంతా తెల్లబడుతున్నా ఆ గుండ్రటి చోట పడిన మంచు మాత్రం నిలవకుండా కరిగిపోతోంది.